ఇంట్లో కట్టుకున్న స్పోర్ట్స్ కారుకు వెనక లైట్లు: కొలత నుంచి ఎర్త్ దాకా

ఇంజను తిరిగింది, స్టీరింగు కుదిరింది, సీట్లు బిగించారు. మిగిలింది వెనక లైట్లే కదా, ఒక పూటలో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. సొంతంగా కట్టుకున్న కారులో బ్రేకుల తరువాత అంతటి శ్రద్ధ పెట్టవలసింది వెనక లైట్ల మీదే. గోదావరి డెల్టాలో ఉన్నవారికి ఈ మాట మరింత వర్తిస్తుంది. మన రోడ్లలో చాలా భాగం కాలువ గట్ల మీదే నడుస్తాయి. ఒక పక్క నీళ్లు, మరో పక్క చేను, తప్పుకోవడానికి జాగా ఉండదు. సార్వా కోతలయ్యాక ధాన్యం ట్రాక్టర్లు తిరిగే రోజుల్లోనే ధనుర్మాసపు పొగమంచు దిగుతుంది. లోటస్ సెవెన్ తరహా కారు ఎత్తు సుమారు ఒక మీటరు. ట్రాక్టరు సీటులో కూర్చున్న మనిషి చూపు దాని మీదుగా వెళ్లిపోతుంది.

వెనక లైట్లు కారు నడిపేవారికి కనపడవు, వెనక వచ్చేవారికే కనపడతాయి. అందువల్ల ఏ లైటు కొనాలి, ఎక్కడ పెట్టాలి, తీగ ఎలా లాగాలి అనే ప్రతి ప్రశ్నకూ ఆ వెనక మనిషి కంటి దగ్గర నిలబడి జవాబు చెప్పుకోవాలి. కారు వెనక భాగం అందంగా కనిపించడం ఆ తరువాతి సంగతి.

ఇక్కడ చెప్పేదంతా లోటస్ సెవెన్ తరహా కారును దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన ఆ కారును విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే వీలుండేది. అలా కొన్నవారికి బ్రిటన్‌లో అప్పటి కొనుగోలు పన్ను తప్పేది. 1973లో దాని తయారీ హక్కులు కేటర్‌హామ్‌కు వెళ్లాయి. ఇనుప గొట్టాల ఛాసిస్, అల్యూమినియం రేకు పక్కలు, వెనక చక్రాల మీద ఫైబర్ మడ్‌గార్డులు దాని రూపం. మన దగ్గర కట్టేవారికి మారుతి జిప్సీ ఇంజను, గేరుబాక్సు బాగా అనువుగా ఉంటాయి. ఇంజను కారు పొడవు వెంట అమరి, శక్తి వెనక చక్రాలకు వెళ్లే ఏర్పాటు అందులో ముందే ఉంది. పూర్తి ఫైబర్ బాడీ ఉన్న కోబ్రా తరహా కారు కడుతున్నవారికి కూడా కొలతలు, వైరింగు ఇవే పనికొస్తాయి.

పని మొదలుపెట్టే ముందు చట్టం మాట. ఏ నమూనా వాహనమైనా కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని 126వ నియమం కింద పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి గుర్తింపు పొందిన సంస్థల పరీక్ష నెగ్గాలి. రిజిస్టరైన పాత కారును మార్చి కట్టుకుందామంటే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అనుమతి చేతికొచ్చేవరకు కారును సొంత తోటలోనో, ప్రైవేటు ట్రాకు మీదో మాత్రమే నడపాలి. అయినా లైట్లను మొదటి నుంచీ నియమాల ప్రకారమే అమర్చండి. ఫైబర్‌లో ఒకసారి కోసిన రంధ్రాన్ని పూడ్చి, రంగు కలిపి, పక్కన మరొకటి కోయడం చాలా శ్రమ.

1. ఏ లైట్లు కావాలి

ఎర్ర పార్కింగ్ లైట్లు రెండు, ఎర్ర బ్రేక్ లైట్లు రెండు, కాషాయం రంగు ఇండికేటర్లు రెండు, నంబర్ ప్లేటు మీద పడే తెల్ల లైటు ఒకటి, రివర్స్ గేరులో మాత్రమే వెలిగే తెల్ల లైటు ఒకటి, ఎర్ర రిఫ్లెక్టర్లు రెండు. రిఫ్లెక్టర్లు త్రికోణంగా ఉండకూడదు, ఆ ఆకారం ట్రైలర్లది. కారు ఆగిపోయి బ్యాటరీ కూడా చచ్చిన రాత్రి వెనక నుంచి వచ్చే బండికి మీరు ఉన్నట్టు చెప్పేది రిఫ్లెక్టర్ ఒక్కటే. ఖరీదు తక్కువ కదా అని దాన్ని చివరికి వదిలేయకండి.

ఇవి కాక మరో రెండు పెట్టమని గట్టిగా చెబుతాను. సీట్ల వెనక రోల్ బార్ (కారు బోల్తా పడితే తలలను కాపాడే గొట్టం) ఉంటే దాని నడుమ మూడో బ్రేక్ లైటు పెట్టండి. ఇంత పొట్టి కారుకు ఎత్తులో వెలిగే బ్రేక్ లైటు ఎంత మేలో ట్రాక్టరు మీద కూర్చొని చూస్తే తెలుస్తుంది. రెండోది వెనక ఫాగ్ లైటు. పార్కింగ్ లైటు వెలుగు పొగమంచులో కొద్ది దూరంలోనే కరిగిపోతుంది, ఫాగ్ లైటు మాత్రం మంచును చీల్చుకొని కనపడుతుంది. దాన్ని బ్రేక్ లైటుకు కనీసం 100 మిల్లీమీటర్ల ఎడంగా పెట్టాలి. దగ్గరగా ఉంటే ఏది ఫాగ్ లైటో, ఏది బ్రేకో వెనక వారికి తెలియదు. మంచు విడిపోగానే ఆపేయడానికి వేరే స్విచ్, స్విచ్ దగ్గర సూచిక దీపం తప్పనిసరి.

2. లైటు కొనేటప్పుడు అద్దం మీద రాత చదవండి

జీపులకు, ట్రాక్టర్ ట్రైలర్లకు వాడే గుండ్రటి లైట్లు సెవెన్ తరహా కారుకు బాగా నప్పుతాయి, ఊళ్లలోని ఆటోమొబైల్ దుకాణాల్లో దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్తే ఎంచుకోవడానికి ఇంకా చాలా ఉంటాయి. అయితే ఒకే రకంగా కనిపించే రెండు లైట్లలో ఒకటి పరీక్షకు నిలిచినది కావచ్చు, మరొకటి ఎర్ర ప్లాస్టిక్ మూత మాత్రమే కావచ్చు. తేడా అద్దం మీద అచ్చుపోసిన గుర్తుల్లో తెలుస్తుంది. వృత్తంలో ఇంగ్లీషు ‘ఇ’ (E) అక్షరం, పక్కనే ఒక సంఖ్య ఉంటే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల కింద ఆమోదం పొందిన లైటు అని అర్థం. ఆ సంఖ్య ఆమోదించిన దేశాన్ని సూచిస్తుంది. దాని దగ్గర ‘ఆర్’ ఉంటే పార్కింగ్ లైటు, ‘ఎస్1’ బ్రేకు, ‘2ఎ’ వెనక ఇండికేటరు, ‘ఏఆర్’ రివర్సు, ‘ఎఫ్’ ఫాగ్, ‘ఐఏ’ రిఫ్లెక్టర్. ఎర్ర ప్లాస్టిక్ ఉన్నంత మాత్రాన రిఫ్లెక్టర్ కాదు, ‘ఐఏ’ గుర్తు చూసుకొని తీసుకోండి. కొన్నిటి మీద ‘టాప్’ అని రాసి ఉంటుంది, అది పైకి ఉండాలి. అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, లోపల చేరిన చెమ్మ బయటికి పోయే దారి అది.

బల్బా, ఎల్ఈడీనా అన్నది తరువాతి ప్రశ్న. బల్బు ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది, ఎల్ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వెనక బండి ఆ 0.2 సెకన్లలో 3 మీటర్లకు పైగా ముందుకు వచ్చేస్తుంది. అందుకే బ్రేకుకు నేను ఎల్ఈడీ వైపే మొగ్గుతాను. అయితే ఎల్ఈడీ కోసమే తయారైన పూర్తి లైటు కొనండి. బల్బు కోసం చేసిన లైటులో ఎల్ఈడీ బల్బు దూర్చితే లోపలి అద్దం వెలుగును పంచవలసిన చోటికి పంచదు. ఎదురుగా చూస్తే మెరుస్తుంది, కాస్త పక్కకు జరిగితే మసకబారుతుంది.

బల్బులే వాడేవారు హోల్డర్లు గమనించాలి. ఒక్క 21 వాట్ల ఫిలమెంటు ఉన్న పి21డబ్ల్యూ బల్బుకు రెండు పిన్నులూ ఒకే ఎత్తులో, ఎదురెదురుగా ఉంటాయి. పార్కింగ్, బ్రేకు రెండూ కలిసిన పి21/5డబ్ల్యూ బల్బుకు పిన్నుల ఎత్తు వేరు వేరు, కనుక తిరగేసి పెట్టడం కుదరదు. కాషాయం రంగు పీవై21డబ్ల్యూకు పిన్నులు ఎదురెదురుగా ఉండవు. ఏ బల్బయినా సరిగ్గా కూర్చోకపోతే తోయవద్దు. అది ఆ హోల్డరుది కాదు.

3. చోటు కొలవడం

మన దేశంలో నాలుగు చక్రాల వాహనాల లైట్ల అమరికకు ఏఐఎస్-008 ప్రమాణం ఉంది. అది ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన దారిలోనే నడుస్తుంది. ఆ నిబంధన ప్రకారం పార్కింగ్ లైట్లు, ఇండికేటర్ల అడుగు అంచు నేల నుంచి కనీసం 350 మిల్లీమీటర్ల ఎత్తులో, పై అంచు 1500 మిల్లీమీటర్లు దాటకుండా ఉండాలి. బయటి అంచు కారు వెడల్పు చివర నుంచి 400 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. కుడి ఎడమ లైట్ల లోపలి అంచుల మధ్య కనీసం 600 మిల్లీమీటర్లు కావాలి, కారు వెడల్పు 1300 కంటే తక్కువైతే 400 చాలు. రివర్స్ లైటు 250 నుంచి 1200 మధ్య, రిఫ్లెక్టర్లు 250 నుంచి 900 మధ్య.

నిబంధన ఎత్తును మనుషులు ఎక్కని కారుకే కొలుస్తుంది, కానీ ఆ కొలత ఒక్కటే చాలదు. టైర్లలో గాలి నింపి, ట్యాంకులో పెట్రోలు పోసి, ముందు ఖాళీ కారును, తరువాత సీట్లలో ఇద్దరిని కూర్చోబెట్టి కొలవండి. ఇలాంటి తేలిక కారు ఇద్దరు కూర్చుంటే బాగానే కిందికి దిగుతుంది. ఖాళీ కారుకు 355 వచ్చిన ఎత్తు అప్పుడు 350 కంటే తగ్గిపోవచ్చు.

నేల సమంగా ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టం ఈ పనికి చక్కని సాధనం. పారదర్శకమైన సన్నని గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను ఎడమ మడ్‌గార్డు దగ్గర, మరో కొసను కుడి మడ్‌గార్డు దగ్గర పట్టుకుంటే రెండు వైపులా ఒకే మట్టం దొరుకుతుంది. కుడి ఎడమల కొలతలకు మధ్య గీతను ఛాసిస్ గొట్టాల నుంచి తీసుకోండి. ఫైబర్ మడ్‌గార్డులు రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, వాటి అంచుల నుంచి కొలిస్తే లైట్లు వంకరగా కూర్చుంటాయి. ఛాసిస్ వెనక అడ్డగొట్టం నడుమ నుంచి లంబసూత్రం వేలాడదీసి, నేల మీద సుద్దతో గీసి, అక్కడి నుంచి రెండు వైపులా లెక్కపెట్టాలి.

కొలతలు కుదిరాక అసలు పరీక్ష. లైటు సైజులో ఎర్ర కాగితం చక్రాలు కత్తిరించి అనుకున్న చోట అంటించండి. పార్కింగ్ లైటు వెలుగు బయటి వైపుకు 80 డిగ్రీలు, లోపలి వైపుకు 45 డిగ్రీలు, పైకి 15 డిగ్రీలు అడ్డు లేకుండా కనపడాలి. కిందికి కూడా 15 డిగ్రీలే, అయితే లైటు 750 మిల్లీమీటర్ల కంటే కింద ఉంటే 5 డిగ్రీలు చాలు. సెవెన్ తరహా కారులో వెనక వేలాడే స్టెప్నీ చక్రం, పక్కకు వచ్చే సైలెన్సరు గొట్టం, నంబర్ ప్లేటు చట్రం ఈ చూపుకు అడ్డం వస్తాయి. కారు వెనక అర్ధచంద్రాకారంగా నడిచి చూడండి, తరువాత ట్రాక్టరో మినీ లారీయో ఎక్కి ఆ ఎత్తు నుంచి చూడండి. సైకిలు మీద కూర్చొని కూడా చూడండి, మన గట్ల మీద ఎక్కువగా తిరిగేది సైకిలు, మోటారు సైకిలే. ఏ చోటి నుంచి చూసినా కనీసం ఒక వైపు కాగితం పూర్తిగా కనపడకపోతే చోటు మార్చాలి.

4. వాలు సరిచేసే దిమ్మ

మడ్‌గార్డు వంపు తిరిగి ఉంటుంది. లైటును నేరుగా దాని మీద బిగిస్తే వెలుగు ఆకాశం వైపో నేల వైపో పోతుంది. లైటు ముఖం రోడ్డుకు నిలువుగా, తిన్నగా వెనక్కి చూడాలి. అందుకు లైటుకూ మడ్‌గార్డుకూ మధ్య వాలుగా కోసిన దిమ్మ కావాలి. దాన్ని ముందు థర్మోకోల్‌తో చేసి, మడ్‌గార్డు వంపుకు సరిపోయేదాకా ఉప్పు కాగితంతో అరగదీసి, మూలమట్టం పెట్టి లైటు ముఖం నిలువుగా ఉందో లేదో చూసుకోండి. నచ్చాక దాని మీద బ్రౌన్ టేపు చుట్టి, ఆ పైన ఫైబర్ మ్యాట్, రెసిన్ పొరలు వేయండి. టేపు మానకండి, పాలిస్టర్ రెసిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది.

ఫైబర్ పని చేతనైనవారు మన తీరంలోనే ఉన్నారు. చేపల వేటకు ఫైబర్ పడవలు చేసేవారికి, బాగుచేసేవారికి ఈ దిమ్మ చిన్న పని. సొంతంగా చేసేవారు ఒక్క సంగతి మరవకూడదు. రెసిన్‌తో పాటు వచ్చే కోబాల్టు ద్రవాన్ని, గట్టిపరిచే పెరాక్సైడు ద్రవాన్ని ఎప్పుడూ ఒకదానితో ఒకటి నేరుగా కలపకూడదు, పేలుతుంది. కోబాల్టును ముందు రెసిన్‌లో బాగా కలిపి, ఆ తరువాతే గట్టిపరిచే ద్రవం వేయాలి. అది సాధారణంగా రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం, డబ్బా మీద ఇచ్చిన కొలత పాటించండి. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. గాజు పోగుల ధూళి చర్మానికి, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

5. రంధ్రాలు

ఫైబర్ మీద మెరిసే పై పొర పెళుసుగా ఉంటుంది. కోసే చోట మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించి, టేపు మీదే గుర్తు పెట్టుకోండి. ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం, తరువాత హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం). హోల్ సాను మొదట ఉల్టా తిప్పి పై పొరను మాత్రం గీయండి, ఆ తరువాత మామూలుగా తిప్పుతూ నెమ్మదిగా లోపలికి దిగండి. సుత్తి, పంచ్ వాడితే అక్కడి నుంచి సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి.

బోల్టు రంధ్రం బోల్టు కంటే ఒక మిల్లీమీటరు పెద్దగా ఉంచండి. కోసిన అంచులకు పలచగా రెసిన్ పూయాలి, లేకపోతే పోగుల వెంట నీరు పాకుతుంది. ఫైబర్ వెనక పెద్ద వాషర్ లేదా 3 మిల్లీమీటర్ల అల్యూమినియం బిళ్ల పెట్టి, నైలాన్ ఉన్న నట్టుతో బిగించండి. లైటుకూ బాడీకీ మధ్య రబ్బరు గ్యాస్కెట్ కొద్దిగా నొక్కుకునేవరకు బిగిస్తే చాలు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఊళ్ల దగ్గర ఉన్నవారు 316 రకం స్టీలు బోల్టులు తీసుకోండి, ఉప్పు గాలికి 304 కంటే బాగా నిలుస్తాయి. స్టీలు బోల్టు అల్యూమినియం రేకుకు నేరుగా తగిలితే ఉప్పు తేమలో రేకు తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయండి.

నీరు ఆపడానికి సిలికాన్ పూస్తారు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగి తీగలను, టెర్మినళ్లను తినేస్తుంది, న్యూట్రల్ రకమే అడిగి కొనండి. దాన్ని కూడా పై అంచుకు, పక్క అంచులకు మాత్రమే పూసి అడుగు వదిలేయండి. లైటు అడుగు రంధ్రాన్ని సిలికాన్‌తో మూసేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

6. తీగలు

లెక్క ముందు చూసుకుందాం. 12 వోల్టుల దగ్గర 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది, 5 వాట్లది 0.42. రెండు బ్రేకు బల్బులకు 3.5 ఆంపియర్లు. ఒక వైపు ఇండికేటర్లలో ముందు వెనక 21 వాట్ల బల్బులు, పక్క 5 వాట్ల బల్బు కలిపితే దాదాపు 4 ఆంపియర్లు, అన్ని ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించే హజార్డు స్విచ్ వేస్తే అది రెట్టింపు. ప్రతి లైటుకూ ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ, ఎర్త్‌కు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారికి, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ సరిపోతాయి. బ్రేకుకు 7.5 ఆంపియర్ల ఫ్యూజు, హజార్డుకు 15 వేయండి. పార్కింగ్ లైట్లకు మాత్రం ఎడమకు ఒకటి, కుడికి ఒకటిగా విడి ఫ్యూజులు పెట్టండి. ఒకటి పోయినా రెండోది వెలుగుతూ ఉంటుంది.

తీగ సన్నమైతే ఏమవుతుందని కొందరు అడుగుతారు. బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. దగ్గర నుంచి చూస్తే బల్బు వెలుగుతూనే ఉంటుంది కనుక లోపం తెలియదు. పొగమంచులో వెనక వచ్చేవారికే తెలుస్తుంది.

తీగల రంగులకు ఒక పద్ధతి పెట్టుకోండి. పాత బ్రిటిష్ కార్ల పద్ధతిలో ఎర్త్ నలుపు, పార్కింగ్ ఎరుపు, బ్రేకు ఆకుపచ్చ మీద ఊదా గీత, ఎడమ ఇండికేటరు ఆకుపచ్చ మీద ఎరుపు, కుడిది ఆకుపచ్చ మీద తెలుపు, రివర్సు ఆకుపచ్చ మీద గోధుమ. జిప్సీ వైరింగునే వాడుతున్నవారు దాని రంగులే కొనసాగించాలి. ఏదైనా సరే, ఒక కాగితం మీద గీసి కారులోనే ఉంచండి. పదేళ్ల తరువాత మరొకరు ఆ కారు విప్పవలసి రావచ్చు.

తీగల కట్టను గేరుబాక్సు పక్క నుంచి ఛాసిస్ లోపలి అంచు వెంట వెనక్కి తీసుకెళ్లండి. తిరిగే షాఫ్టుకు, సైలెన్సరుకు దూరంగా, పెట్రోలు గొట్టానికి ఎదురు వైపున ఉండాలి. రేకులో దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) తప్పనిసరి. కట్టను అడుగడుగునా క్లిప్పులతో పట్టించి, లైటు దగ్గర కొద్దిగా వదులు ఉంచండి. తీగ లైటులోకి వెళ్లే ముందు ఒకసారి కిందికి వంగి పైకి రావాలి, అప్పుడు తీగ వెంట జారే నీటి చుక్క లైటులోకి పోకుండా ఆ వంపు దగ్గర రాలిపోతుంది. మడ్‌గార్డు లోపల టైరు విసిరే రాళ్లు, బురద తగులుతాయి కాబట్టి అక్కడ తీగలను గొట్టంలో మూసి ఉంచాలి. ఎలుకల సంగతి చేల పక్కన ఉండేవారికి చెప్పనవసరం లేదు. గట్టి ముడతల గొట్టం వేసి, దాని కొసలు కూడా మూసేయండి.

అతుకులను సోల్డర్ చేయకుండా మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కడం మేలు. సోల్డర్ తీగలోకి పాకి గట్టిపడిన చోట అదురుకు తీగ విరుగుతుంది. నొక్కిన తరువాత లాగి చూడండి, ఊడితే మళ్లీ చేయండి. పైన జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేసి వేడిచేస్తే తేమ చొరబడదు. పీవీసీ టేపు మన ఎండకు జిగురు కారి ఊడిపోతుంది.

బ్రేకు స్విచ్ పెడల్ దగ్గర ఉంటుంది. పెడల్‌ను వేలితో కొద్దిగా నొక్కగానే, బ్రేకు పట్టకముందే లైటు వెలిగేలా దాన్ని సర్దాలి. రివర్స్ స్విచ్ జిప్సీ గేరుబాక్సు మీదే ఉంది, దాని నుంచి తీగ లాగితే చాలు.

7. ఎర్త్

ఈ భాగం నిదానంగా చదవమని కోరుతున్నాను. సొంతంగా కట్టిన కార్లలో వెనక లైట్ల లోపం కనిపించినప్పుడు మొదట చూడవలసింది ఇదే.

కంపెనీ కారులో బాడీ అంతా ఇనుము. లైటును బాడీకి బిగించగానే ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్‌లో కరెంటు పారదు. మడ్‌గార్డు మీద బిగించిన లైటుకు ఎర్త్ తీగ విడిగా లాగి ఛాసిస్‌కు కలపాలి. ఛాసిస్‌కు రంగో పౌడర్ కోటింగో ఉంటుంది, దాని మీద లగ్గు (తీగ కొసకు నొక్కే లోహపు రింగు) బిగిస్తే ఎర్త్ అందదు. బిగించే చోట రంగు గీకి లోహం మెరిసేలా చేసి, పళ్లున్న వాషర్‌తో లగ్గు బిగించి, ఆ పైన పెట్రోలియం జెల్లీ పూయండి. అక్కడి నుంచి బ్యాటరీ దాకా ఛాసిస్‌నే నమ్ముకోకుండా, వెనక ఎర్త్ బోల్టు నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఒక లావు తీగ నేరుగా వేయమని నా సలహా. కుడి ఎడమ లైట్లకు ఎర్త్ బోల్టులు వేరు వేరుగా ఉండాలి.

ఎర్త్ పాడైతే లైటు ఆరిపోతుందని అనుకుంటాం. నిజానికి అంతకంటే ప్రమాదకరమైనది జరుగుతుంది. ఒకే బల్బులో పార్కింగ్ ఫిలమెంటు, బ్రేకు ఫిలమెంటు ఒకే ఎర్త్‌ను పంచుకుంటాయి. ఆ ఎర్త్ తెగితే, బ్రేకు నొక్కినప్పుడు 21 వాట్ల ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు పోవడానికి దారి వెతుక్కుంటుంది. 5 వాట్ల ఫిలమెంటు గుండా వెనక్కి, పార్కింగ్ తీగలోకి ఎక్కి, ముందు పార్కింగ్ లైట్ల గుండానో డాష్‌బోర్డు బల్బుల గుండానో ఎర్త్ చేరుతుంది. అప్పుడు బ్రేకు నొక్కితే డాష్‌బోర్డు మసకగా వెలుగుతుంది. ఇండికేటరు కూడా అదే ఎర్త్ మీద ఉంటే, ఇండికేటరు వేసినప్పుడు పార్కింగ్ లైటు కూడా ఆగి ఆగి వెలుగుతుంది. మీరు ఆగుతున్నారో, తిరుగుతున్నారో వెనక వారికి అర్థం కాదు. ఇలాంటి వింత వెలుగులు ఎక్కడ కనిపించినా బల్బు మార్చకండి, స్విచ్ విప్పకండి. ముందు ఎర్త్ చూడండి.

చూసే పద్ధతి సులువు. మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, అన్ని లైట్లూ వేసి, బ్రేకు నొక్కించి పట్టుకోండి. ఒక కొస లైటు ఎర్త్ దగ్గర, మరో కొస బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. 0.1 వోల్టు, మహా అయితే 0.2 లోపు రావాలి. ఎక్కువ వస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పో వదులో ఉంది. తరువాత బ్యాటరీ పాజిటివ్‌కూ లైటు పాజిటివ్‌కూ మధ్య కొలవండి, 0.5 వోల్టు దాటకూడదు. లైట్లు ఆర్పి కొలిస్తే ఈ అంకెలకు అర్థం ఉండదు. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది.

8. ఎల్ఈడీ పెట్టినవారికి ఫ్లాషరు సంగతి

ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. అలా వెలిగించి ఆర్పే పరికరమే ఫ్లాషరు. పాత ఫ్లాషరు బల్బు తీసుకునే కరెంటును బట్టి పనిచేస్తుంది. ఎల్ఈడీ తీసుకునేది చాలా తక్కువ కనుక బల్బు పోయిందనుకొని వేగంగా కొట్టుకుంటుంది. కొందరు 6 ఓముల రెసిస్టరు పెట్టి సరిచేస్తారు. అది 2 ఆంపియర్లు పీల్చి 24 వాట్లను ఉత్త వేడిగా మారుస్తుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఫైబర్‌కు ఆనిస్తే ఫైబర్ మాడుతుంది. ఎల్ఈడీ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కొనడమే సరైన పని. డాష్‌బోర్డులో రెండు వైపులకూ కలిపి ఒకే సూచిక బల్బు ఉంటే, దాని గుండా కరెంటు రెండో వైపుకు దాటి నాలుగు ఇండికేటర్లూ వెలుగుతాయి. కరెంటును ఒక వైపుకే పోనిచ్చే డయోడ్లు రెండు వేసి విడదీయాలి.

9. పరీక్ష

ఒకరు సీటులో, ఒకరు వెనక. ముందు ప్రతి లైటునూ విడిగా, తరువాత కలిపి చూడండి. పార్కింగ్ వేసి బ్రేకు నొక్కితే వెలుగు స్పష్టంగా పెరగాలి. బ్రేకు నొక్కి ఉంచి ఎడమ ఇండికేటరు, తరువాత కుడి, తరువాత హజార్డు, ఆ పైన రివర్సు. ఒకటి వేస్తే మరొకటి కొంచెమైనా చలించకూడదు. తరువాత పంపు గొట్టంతో లైట్ల మీద, మడ్‌గార్డు లోపల బాగా నీళ్లు కొట్టి మొత్తం మళ్లీ చూడండి. మన వానకు ఇది తక్కువే.

చీకటి పడ్డాక దూరం పరీక్ష. నియమాల ప్రకారం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల నుంచి కనపడాలి, నంబర్ ప్లేటును 15 మీటర్ల నుంచి చదవగలగాలి. ఇందుకు రోడ్డెక్కనవసరం లేదు. కారును మీ కళ్లంలోనో తోట అంచునో నిలిపి, వెనక భాగం చేను వైపు పెట్టండి. మిత్రుడు చేను గట్టు వెంట దూరం కొలుచుకుంటూ నడిచి అక్కడి నుంచి ఫోనులో చెబుతాడు. డెల్టా నేల చదునుగా ఉంటుంది కనుక చూపుకు అడ్డు రాదు. బ్రేకు నొక్కినప్పుడు తేడా అంత దూరానికీ తెలుస్తోందా, ఎడమ ఇండికేటరా కుడిదా విడిగా పోల్చగలుగుతున్నాడా అని అడగండి. మంచు పట్టిన తెల్లవారుజామున ఇదే పరీక్ష మళ్లీ చేసి, ఫాగ్ లైటు వేసినప్పుడు, ఆర్పినప్పుడు ఎంత దూరం తేడా వస్తోందో చూడండి.

నంబర్ ప్లేటు లైటు బల్బు నేరుగా వెనక వారి కళ్లలో పడకూడదు, తెల్ల వెలుగు ప్లేటు మీద మాత్రమే పడాలి. వెనక్కి తెల్ల వెలుగు చూపించే హక్కు రివర్స్ లైటుకే ఉంది.

10. ఏటా రెండుసార్లు

వానాకాలం వెళ్లగానే ఒకసారి, ధనుర్మాసం రాకముందు ఒకసారి లైట్ల అద్దాలు విప్పండి. లోపల మన్ను, చీమల గూళ్లు, చెమ్మ ఉంటే తుడిచి, అడుగు రంధ్రాన్ని సన్నని తీగతో పొడిచి తెరవండి. హోల్డర్లలో పచ్చని చిలుము కనిపిస్తే గీకి, పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. ఎర్త్ బోల్టు దగ్గర వోల్టులు మళ్లీ కొలిచి, ముందుసారి వచ్చిన అంకె పక్కన రాయండి. అంకె పెరుగుతూ ఉంటే అది 0.2 దాటేదాకా ఆగకుండా అప్పుడే విప్పి శుభ్రం చేయాలి. కారులో రెండు పి21/5డబ్ల్యూ బల్బులు, ఒక పీవై21డబ్ల్యూ, రెండు ఫ్యూజులు, రెండు వైపులా క్లిప్పులున్న ఒక మీటరు తీగ ఎప్పుడూ ఉండాలి. దారిలో ఎర్త్ పోతే ఆ తీగతో లైటు ఎర్త్‌ను ఛాసిస్ లోహానికి తాత్కాలికంగా కలిపి ఇల్లు చేరవచ్చు.